ఎర్ర కారు మిస్సింగ్

"ఒరేయ్ కరీమూ, ఆ చెయ్యి బయటికి తియ్యరా. ఫ్యాను లాక్కుందంటే వేళ్ళు మిగలవు!"

"బండి ఇంకా స్టార్టే చెయ్యలేదమ్మా," అన్నాడు నా కొడుకు కరీముల్లా, బానెట్ కింద నుంచి తల ఎత్తకుండానే.

చెయ్యకపోతే ఏం, చేస్తాడుగా. పెట్రోలు అంటుకుంటుందేమోనని పొద్దున్నే తలుపు పక్కన డబ్బా నిండా ఇసుక కూడా పెట్టుకున్నాను.

ఆ కారు ఎర్రగా, నేలకు ఆనుకుని, ఇద్దరికే చోటున్న విదేశీ కారు. పైకప్పు కూడా గుడ్డదే. మా దాచేపల్లిలో సున్నపురాయి లారీల మధ్య అది గేదెల మందలో చిక్కిన మేకపిల్లలా ఉండేది. క్వారీ కాంట్రాక్టరు కొడుకు మద్రాసులో ఎవరి దగ్గరో కొనుక్కొచ్చాడు. పొద్దున మంచులో తీస్తే మిస్సింగ్ కొడుతుంది, దగ్గుకుంటూ కుదుపుతూ పోతుంది. ఎండెక్కితే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. కరీము ప్లగ్గులు మార్చి, కార్బొరేటరు కడిగి, బాగైందని ఇచ్చాడు. మర్నాడు పొద్దున్నే ఆ అబ్బాయి దాన్ని తెచ్చి మా వాకిట్లో వదిలేశాడు. సాయంత్రానికి కాకపోతే గుంటూరు తోలిస్తానన్నాడు.

కారు గుంటూరు పోతే నాకేం? వీడు హైదరాబాదు పోతాడు. సంచి సర్ది గూట్లో పెట్టుకున్నాడు.

పెట్రోలు కార్ల పని అక్కడే నేర్చుకుని వచ్చాడు. వాళ్ళ నాయన ఖాజా మొహిద్దీన్‌ది లారీల షెడ్డు. అందులో ఒక మూల కార్లు బాగుచేస్తానని వీడన్నాడు. "లారీల మధ్య ఈ ఆటబొమ్మలేందిరా," అని ఆయనన్నాడు. "నీకు పెట్రోలు బండి తెలవదు, అందుకే," అని వీడు పనివాళ్ళందరి ముందూ అనేశాడు. రంజాన్‌కు ముందటి మాట అది. పండగ నాడు కూడా ఆయన కొడుకుతో మాట్లాడలేదు. ఏం చెప్పాలన్నా నాతోనే.

ఆ రోజు శుక్రవారం, షెడ్డుకు సెలవు. ఆయన నమాజు నుంచి వచ్చి వసారాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్ర మాత్రం పోవడం లేదు. నిద్రపోతే గురక పెట్టే మనిషి.

పక్కింటి హన్నమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "ఏం వదినా, కారు కొన్నారా? నన్ను మాచర్ల దాకా ఎక్కించుకోండి!"

"ఊరుకో హన్నమ్మా, అసలే ప్రాణం మీదికొస్తంది. రోగమేందో పలకటం లేదు ఆ బండి."

"మా అన్నకంటే అదే నయం. అప్పుడప్పుడన్నా పలుకుతది."

మంచం కిర్రుమంది. నేను హన్నమ్మను కళ్ళతోనే బతిమాలాను.

కరీము ఇంజను నడిపిస్తూ, చేతికి గుడ్డ చుట్టుకుని, ప్లగ్గు వైర్లు ఒక్కోటీ లాగి చూశాడు. లాగినప్పుడల్లా ఇంజను కుంటింది, పెట్టగానే సర్దుకుంది. నాలుగూ సరిగ్గానే ఉన్నాయట. ఏదన్నా చెడి ఉంటే, దాన్ని లాగినా తేడా తెలియదట. షాక్ కొట్టదు కదరా అని నేను అడిగినన్నిసార్లు వాడు పళ్ళు కొరికాడు.

పొద్దు వాలింది. పాడు బండి ఒక్కసారి కూడా దగ్గలేదు, తెగులు ఎక్కడో తెలిస్తేగా. కరీము స్పానరు కింద పారేసి నడుస్తున్న ఇంజను వంక చూస్తూ కూర్చున్నాడు. "నా వల్ల కాదమ్మా. పొద్దున బస్సుకు పోతా."

ఏదో ఒక పని చేయాలని చెంబుతో నీళ్ళు తెచ్చి వాకిట్లో చల్లాను. లారీల దుమ్ము అణగాలని రోజూ చల్లేదే. గాలికి చేయి ఎటు పోయిందో, గుప్పెడు నీళ్ళు వెళ్ళి తెరిచి ఉన్న ఇంజను మీద పడ్డాయి.

కారు దగ్గింది. వణికింది.

"అమ్మా! ఏంది నువ్వు చేసింది?"

పరాయివాళ్ళ కారు, విదేశీ కారు, నా చేతులతో పాడు చేశాననుకున్నాను. కరీము మాత్రం తిట్టలేదు. నా చేతిలో చెంబు తీసుకుని, అడుగున మిగిలిన నీళ్ళలో వేళ్ళు ముంచి, మొదటి వైరు మీద చిలకరించాడు. ఏమీ కాలేదు. రెండో దాని మీద చిలకరించాడు. ఏమీ కాలేదు. మూడో దాని మీద నాలుగు చుక్కలు పడగానే బండి మళ్ళీ కుదిపింది.

"వద్దురా, కరెంటు..." అంటూనే ఉన్నాను. వాడు చెవి దించి విన్నాడు. రోడ్డు మీద లారీ పోయింది. మళ్ళీ విన్నాడు. వాడికి నమ్మకం కుదరలేదు. ఒకసారి బాగైందని చెప్పి పరువు పోగొట్టుకున్నవాడు మరి.

వసారా వైపు తిరిగాడు. ఈసారి నాతో చెప్పించలేదు.

"నాయనా. సన్నగా చిట్ చిట్ మంటంది. నీకూ వినపడతందా, లేక నా భ్రమా?"

మంచం మీద వీపు కదల్లేదు. ఇంజను దగ్గుతూనే ఉంది. హన్నమ్మ గోడ అవతల గిన్నెలు తోమడం ఆపేసింది. వాడు తల దించుకుని, తాళం తిప్పి బండి ఆపేయడానికి చెయ్యి చాపాడు. అయిపోయింది, గూట్లో సంచి తీస్తాడు అనుకున్నాను.

"ఆపమాకరా," అన్నాడు ఆయన గోడవైపు నుంచే. తర్వాత లేచి కూర్చున్నాడు. "వినపడతంది. మూడో వైరు అడుగున పగిలుంటది, తిప్పి చూడు. తడి తగిలితే కరెంటు బయటికి కారతది, పొద్దున మంచులో దగ్గేది అందుకే. రేపు షెడ్డుకు తోలుకురా బండిని. ఈ దుమ్ములో ఏంది పని?"