మామ్మ పొడిచిన పేర్లు

కాలేయం మీద, దాన్ని తినే వైరస్ మీద నేను రాసిన పరిశోధన పత్రాలు పదకొండు. విశాఖలో మా ల్యాబ్‌వాళ్లు వాటిని చూసి నాకు గౌరవమిస్తారు. కళింగపట్నంలో మా మామ్మ కూర్మమ్మ మాత్రం వెళ్లిన ప్రతిసారీ ఒకే ప్రశ్నతో నా గాలి తీసేస్తుంది.

"నీ బాబు ఎందుకు పోనాడో తెలిసిందేటే, హేమా?"

మా నాన్న నూకయ్య నలభై నాలుగేళ్లకే కడుపు కుండలా ఉబ్బి చనిపోయాడు. తాగి పోయాడని ఊరంతా అంది. కల్లు చుక్క ముట్టని మనిషి! ఆ మాటన్న ప్రతివాళ్లతోనూ మామ్మ చేపల రేవులో జుట్టూ జుట్టూ పట్టుకుంది. ఆవిడ పోట్లాట గెలిపించడానికే నేనీ చదువు చదివానంటే నవ్వకండి.

పోయిన ఏడాది మా పేటలో రక్తనమూనాలు తీశాం. వెతికింది హెపటైటిస్ బి కోసం. అది పసితనంలో సోకితే ఒంట్లోని రోగనిరోధక శక్తి చాలామందిలో దాన్ని పరాయిదని గుర్తుపట్టదు. ఇంటిమనిషిలా ఉండనిస్తుంది. ముప్పై నలభై ఏళ్లకు కొందరి కాలేయం పాడవుతుంది. ఎందుకు గుర్తుపట్టదన్నదే నా పదకొండు పత్రాల గోల.

మా పేటకి అదెలా వచ్చిందో కూడా తేలింది. వైరస్ ఉన్న పందొమ్మిది మందిలో పదిహేడు మందికి ముంజేతి మీద పచ్చబొట్టు ఉంది. మా ఫారంలో "ఎవరు పొడిచారు?" అన్న గడిలో పదిహేడు చోట్లా ఒకటే జవాబు. కూర్మమ్మ. ఇన్నేళ్లూ ఆసుపత్రి మూలన పడున్న మా నాన్న కాగితాలు తీయించి చూస్తే, అక్కడా అదే వైరస్.

మా తాత సముద్రంలో పోయినప్పుడు నాన్నకి నాలుగేళ్లు. శవం ఎక్కడో ఒడ్డుకు కొడితే, ఎవరో తెలియక అక్కడే పాతేశారట. అప్పటినుంచి మామ్మ నాన్నకీ, పేటలో మగపిల్లలందరికీ చేతి మీద వాళ్ల పేర్లు పొడిచింది. దీపపు మసి, ఆకుపసరు, దారంతో కట్టిన మూడు సూదులు. ఒకరి తరవాత ఒకరికి, మధ్యలో చెంగుతో తుడిచి. మొహం చెడినా చెయ్యి చూసి ఇంటికి చేరుస్తారని ఆవిడ ఆశ.

ఇది వెళ్లి ఆవిడకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఒకే సూది పలువురికి వాడటం" అని పన్నెండో పత్రం చిత్తుప్రతిలో రాసేసి, మూడు నెలలు ఊరి మొహం చూడలేదు. పిరికిదాన్ని.

అప్పుడు మా చిన్నాన్న కొడుకు వెంకీ ఫోన్ చేశాడు. గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద చేపల పనికి పోతున్నాడట. చిన్నప్పుడు తప్పించుకున్నాడు గానీ ఈ ఆదివారం వాడి చేతి మీదా పేరు పొడుస్తానని మామ్మ అందట. నేను శనివారమే బస్సెక్కాను.

అరుగు మీద మామ్మ సూదులకు దారం చుడుతోంది.

"వద్దు మామ్మా. ఆధార్ కార్డుంది, ఫోనుంది. ఇంకా పచ్చబొట్టెందుకు?"

"కార్డు నీటిలో పోతాది. సేతిమీది పేరు పోతాదేటి? పట్నం పోయి బుర్ర పోగొట్టుకున్నావే."

"నీకు కళ్లు ఆనవు."

"నా సేతులకి కళ్లున్నాయి."

ఇక సాకులు లేవు. చెప్పేశాను. సూదితో ఒకరి రక్తం ఇంకొకరిలోకి ఎలా వెళ్లిందో, నాన్నకి కూడా జబ్బు అలాగే వచ్చి ఉంటుందని, అంతా చెప్పేశాను. మామ్మ చేతిలో దారం ఆగిపోయింది.

"అయితే నా కొడుకు తాగి పోనేదు."

"లేదు మామ్మా."

"నాను సెప్పినాను కాదేటే అందరికీ!"

నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. ఆవిడ ఇన్నేళ్ల పోట్లాటని ఇలా గెలిపించాను. నా చదువు తగలెయ్య, నేనూ ఏడ్చాను.

మామ్మ చెంగుతో మొహం తుడుచుకుని సూదులు నా ఒళ్లో పడేసింది.

"మిగిలినోలకి మందున్నాదా?"

"ఉంది. ముందే తెలిస్తే మాత్రలతో అదుపులో పెట్టొచ్చు. కానీ నువ్వు పొడిచినవాళ్లలో చాలామంది ఊళ్లు పట్టుకుపోయారు, ఎవరెవరో మాకు తెలీదు."

"నాకు తెలుసు. రాసుకో."

మామ్మకి చదువు రాదు. పొడిచిన పేర్ల అక్షరాలు మాత్రం వచ్చు. ఒక్కో పేరూ వేలితో అరుగు మీద రాస్తూ చెప్పింది. సూరయ్య. గంగులు. కూర్మయ్య, ఇప్పుడు నెల్లిమర్ల జనపనార మిల్లులో ఉన్నాడు. బుల్లమ్మ కొడుకులిద్దరూ. నా పుస్తకంలో నాలుగు పేజీలు నిండాయి. ఏ పరిశోధనలోనూ నాకింత నిక్కమైన జాబితా దొరకలేదు.

చివరికి ఆవిడ వేలు 'నూ' అని రాసి ఆగింది. నేను కలం పట్టుకుని ఎదురు చూశాను.

"నీ బాబుది నువ్వే రాసుకోయే," అంది మామ్మ. "నా నోటంట రాదు."