ప్రభంజన్ ఎడమ చెయ్యి

నేను ఒక పాటల క్యాసెట్టును. అల్లాటప్పా క్యాసెట్టును కానండోయ్! రాక్ పాటల ప్రభంజన్ పాడిన ‘సెగ’ ఆల్బమ్‌ను. ఆ మహానుభావుడు ఆకుపచ్చ సిరాతో స్వయంగా సంతకం పెట్టిన క్యాసెట్టు లోకంలో నేనొక్కదాన్నే.

మద్రాసు పక్కన ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. పొట్టలో రెండు చక్రాలు, గోధుమరంగు టేపు, అందులో తొమ్మిది పాటలు. మనుషులకి నోరుంటుంది గానీ దాని మీద అదుపుండదు. నాకు అసలు నోరే లేదు. ఎవరైనా మీట నొక్కితే పాడతాను, ఇంకో మీట నొక్కితే సగం మాటలో ఆగిపోతాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

నా అట్ట మీద ప్రభంజన్ బొమ్మ చూసి తీరాలి. భుజాల మీద జుట్టు, నల్లకళ్లద్దాలు, తళతళలాడే వెండిరంగు కోటు. కుడిచెయ్యి గిటారు మీద ఉంటుంది. పక్కకి చాచిన ఎడమచెయ్యి మాత్రం అట్టకి లోపలికి మడిచే రెక్క మీదకి పోయింది. ఆ రెక్క వెనకవైపు పాటలన్నీ అచ్చేశారు.

ఆ యేడు ‘సెగ’ అమ్ముడుపోయినట్టు ఎండాకాలంలో ఐసుఫ్రూట్లు కూడా అమ్ముడుపోలేదు. బస్సుల్లో మేమే, సెలూన్లలో మేమే, చేపల చెరువుల కాపలా పాకల్లోనూ మేమే. ఉండి అనే ఊరి దగ్గర ఒక కోళ్లఫారంలో మా పాట విని కోళ్లు పూటకి రెండేసి గుడ్లు పెట్టాయని చెప్పుకునేవారు. నేను చూడలేదు గానీ నమ్మాను.

భీమవరంలో డిగ్రీ చదివే హైమ నన్ను సంతకం చూసే కొనుక్కుంది. ఆ సంతకం సంగతి కూడా చెప్పేస్తాను, కడుపులో దాచుకోవడం నావల్ల కాదు. ప్రభంజన్ నన్ను ముట్టుకోనేలేదు. షాపాయన ఒక మధ్యాహ్నం బేరాల్లేక కూర్చుని నలభై క్యాసెట్ల మీద వరసపెట్టి గీకేశాడు. నేను ముప్పై ఏడోదాన్ని. అప్పటికి వేళ్లు నొప్పెట్టి ‘ప్రభంజ’ దగ్గరే వదిలేశాడు.

హైమకి పాటల పుస్తకం ఉండేది. ఒకనాడు కత్తెర తెచ్చి, పాటలున్న ఆ రెక్కను కత్తిరించి అందులో అంటించుకుంది. పాటలతోపాటు ప్రభంజన్ ఎడమచెయ్యి భుజం దగ్గర్నుంచి వెళ్లిపోయింది. ‘అమ్మాయీ, చెయ్యి!’ అని అరుద్దామనుకున్నాను. ఎలా అరుస్తాను?

పాటలన్నీ నోటికొచ్చాక నన్ను ఆచంటలో ఉండే తన పెద్దమ్మ కొడుకు ఉదయభాస్కర్‌కి ఇచ్చేసింది. అతనికి పెళ్లి కుదిరింది. నన్నూ, వెండిరంగు గుడ్డనూ తీసుకెళ్లి బస్టాండు పక్కన దర్జీ గంగాచలం ముందు పెట్టాడు.

“రిసెప్షన్‌కి కోటండి. అచ్చం ఈ బొమ్మలో ఉన్నట్టే ఉండాలి. పిసరు అటూ ఇటూ కాకూడదు.”

“బొమ్మ ఇక్కడ వదిలెయ్యండి బాబూ, మిగతాది నాకొదిలెయ్యండి.”

అతను వెళ్లగానే గంగాచలం భార్యని పిలిచాడు. “సూరమ్మా, ఎదురుగా రెడీమేడ్ కొట్టెట్టాక కుర్రాళ్లంతా అటే పోతన్నారు. ఈ కోటు నప్పిందంటే పెళ్లికొచ్చినోళ్లంతా మళ్లీ మన గుమ్మం తొక్కుతారే. నప్పలేదా, మిషనుకి మూతెట్టేసుకోవడవే.”

గుడ్డ కొలిచాడు. సరిగ్గా ఒక చేతికి తక్కువొచ్చింది. మళ్లీ కొలిచాడు. గుడ్డ పెరగలేదు. దిగాలుగా నన్ను తీసి చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా మొహం చేటంతయింది.

“ఓసి నీ! చూడవే, ఈ కోటుకి ఒక్క చెయ్యే!”

“రెండోది ఎటుపోయిందంట?”

“లేదే! అదే ఫేషను.”

“ఓసారి పెళ్లికొడుకుని అడగరాదా?”

“దర్జీ అడిగితే పని రానోడంటారే పిచ్చిమొకవా.”

ఎడమ భుజం దగ్గర అంచు మడిచి ఎంత ముద్దుగా కుట్టాడనుకున్నారు! కుడుతున్నంతసేపూ టేపురికార్డర్‌లో నన్నే పెట్టుకున్నాడు. మూడో పాటలో ‘నా ఎడమచేతి వైపు నిలబడు’ అని ఒక ముక్క ఉంది. అది వచ్చినప్పుడల్లా గొంతు చించుకున్నాను. ఆయన పెడలు తొక్కుతూ తలూపాడు. పాట బాగుందనుకున్నాడు పాపం.

అరచేయంత గుడ్డ మిగిలింది. దాంతో నాకొక సంచి కుట్టి, నన్ను అందులో పెట్టి, కోటుతోపాటు పెళ్లింటికి తనే తీసుకెళ్లాడు.

ఉదయభాస్కర్ కోటు తొడుక్కున్నాడు. కుడిచెయ్యి వెండి, ఎడమచెయ్యి చొక్కా. ముందుగా తేరుకున్నది అతని మేనమామ మాణిక్యం.

“ఏవయ్యోయ్, రెండో చేతి గుడ్డ ఏం జేశావ్?”

“బొమ్మలో ఎలాగుందో అలాగే కుట్టానండి...”

“మరిదేంటి?” మాణిక్యం ఆయన చేతిలోంచి నన్ను లాక్కుని, సంచితో సహా అందరికీ కనపడేలా పైకెత్తాడు. “గుడ్డ నొక్కేసి సంచులు కుట్టుకుంటన్నావా? దొంగసొత్తు చేత్తో పట్టుకుని మరీ వచ్చాడు చూడండ్రా!”

ముప్పైయేళ్లు ఆ ఊళ్లో గుడ్డలు కుట్టినవాడు. ఆయన మీద అంతకుముందు పడని మాట అది. గంగాచలం పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఆ క్షణాన ఆయనా నాలాంటివాడే అయిపోయాడు. నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేనేమో సాక్ష్యంలా గాల్లో వేలాడుతున్నాను.

అప్పుడు గుంపు తోసుకుంటూ హైమ వచ్చింది. “ఆగండి మామయ్యా! అన్నయ్యా, ఆ చెయ్యి నా దగ్గరుంది” అంటూ పాటల పుస్తకం తెరిచి, అంటించిన రెక్కను జాగ్రత్తగా ఊడదీసి వెనక్కి తిప్పింది. నా అట్ట పక్కన పెడితే చెయ్యి భుజానికి అతికినట్టు కలిసింది. ఇల్లంతా గొల్లున నవ్వింది. మాణిక్యం సంచిని రెండుచేతులా గంగాచలానికి తిరిగిచ్చాడు. పెళ్లికొడుకు పంతంకొద్దీ ఒంటిచేతి కోటుతోనే కుర్చీలో కూర్చున్నాడు. వారం తిరక్కుండా పదకొండుమంది కుర్రాళ్లు ఒంటిచేతి కోట్ల కోసం ఆచంట బస్టాండులో వరస కట్టారు.

ఇప్పుడు నేను పాలకొల్లులో పాతసామాన్ల కొట్టులో, పగిలిన రేడియోల బుట్ట అడుగున ఉన్నాను. వెండి సంచి ఇంకా ఒంటి మీదే ఉంది, కాస్త నల్లబడింది. ఈ వయసులో నాకు అబద్ధంతో పనేముంది? అన్నీ జరిగినవే చెప్పాను. కోళ్ల సంగతి కూడా మీ ఇష్టం, నమ్మితే నమ్మండి.

కల్పించింది ఒక్కటే. హైమ రాలేదు.

ఆ రోజు ఆమెకి పరీక్ష. ఉదయభాస్కర్ కోటు విప్పి మంచం మీద పడేశాడు. ఊళ్లో ఎవరూ మళ్లీ గంగాచలానికి గుడ్డ ఇవ్వలేదు. దసరాకి మిషను అమ్మేసి, ఎదురుగా ఉన్న రెడీమేడ్ కొట్టులోనే గుండీలు కుట్టడానికి కుదిరాడు. మాణిక్యం మొహాన విసిరేసిన నన్ను మాత్రం చాలాకాలం ఉంచుకున్నాడు. అప్పుడప్పుడూ అట్ట తీసి, ఆ భుజం దగ్గర వేలుపెట్టి చూసుకునేవాడు.

ఆ చెయ్యి ఏ పుస్తకంలో ఉందో నాకు తెలుసు. మీట నొక్కి చూడండి, పాటే వస్తుంది.