ఎడమచేత్తో జావ తాగించే తల్లి

ఎడమచేత్తో ఎవరైనా బిడ్డకి తినిపిస్తారా, అనే కదా తను ఈ కాగితాన్ని నకలని తోసేసింది, ఇప్పుడు వేలంవాళ్ల వ్యాన్ మ్యూజియం కింద ఆగి ఉంది, దీప్, బాక్స్ సీల్ చేసేద్దామా అంటోంది బాసు మార్గరెట్, ఒక్క నిమిషం అంటోంది దేదీప్య, అలా అంటున్నది తనేనా, బల్ల మీద రెండు ప్రింట్లు, ఒకే బొమ్మ, తల్లి బిడ్డకి చెంచాతో జావ తాగిస్తోంది, ఒకదాంట్లో కుడిచేత్తో, ఇంకోదాంట్లో ఎడమచేత్తో, ఈ ప్రింట్లకి మూలమైన ఆంట్వెర్ప్ చిత్రకారుడి రంగుల బొమ్మలో ఉన్నది కుడిచెయ్యి, అంచేత కుడిదే అసలు ప్రింటు, ఎడమది ఎవడో చేతకానివాడి కాపీ, అమ్మేయొచ్చు, ఎంత ధీమాగా చెప్పింది, మార్గరెట్ ఎంత మురిసిపోయింది, పర్మనెంట్ జాబ్, వీసా స్పాన్సర్ చేస్తామన్న మాట, అన్నీ ఆ ధీమా చూసి వచ్చినవే.

ఇందాక కాగితం ఎత్తినప్పుడు కిటికీ అద్దంలో బొమ్మలోని ఎడమచెయ్యి కుడిచెయ్యిలా కనపడింది, అక్కడ మొదలైంది గుబులు, ఆ ఎన్‌గ్రేవర్, బతుకంతా ఇంకొకరి బొమ్మల్ని రాగిరేకు మీద చెక్కి అచ్చులు తీసి, చిత్రకారుడి పేరు పక్కన తన పేరు చీమంత అక్షరాల్లో పెట్టుకున్నవాడు, చూసింది చూసినట్టే చెక్కి ఉంటే, అచ్చు పడేసరికి కుడి ఎడమైపోదూ, ఆ అచ్చుని చూసి ఇంకొకడు తన రేకు మీద కాపీ కొడితే మళ్లీ తిరగబడి కుడికే రాదూ, దేవుడా, రంగుల బొమ్మతో సరిగ్గా సరిపోయిందే దొంగది, భూతద్దం పెట్టింది, కుడిచేతి ప్రింటులో బొటనవేలి కింద గీతలు తడబడి ఆగి మళ్లీ మొదలయ్యాయి, ఎడమచేతి ప్రింటులో ఒక్క ఊపున సన్నగా లేచి లావెక్కి సన్నబడ్డాయి, ఇంత తేడా తన కళ్లకెందుకు ఆనలేదు, ఆ చెయ్యి దించవే, ఏం అలవాటే అది, చిన్నప్పటి అమ్మమ్మ అరుపు, ముద్ద పట్టుకున్న ఎడమచేతి మీద దెబ్బ, నేల మీద పప్పన్నం, ఏడుస్తూ కుడిచేత్తో కలుపుకోవడం, ప్రింటు చూడకముందే తీర్పు చెప్పేసింది ఆ దెబ్బే.

పొద్దున షామ్‌బర్గ్‌లో ఇంటి నుంచి డ్రైవ్ చేస్తూ భర్త అవినాష్ అననే అన్నాడు, హెచ్‌వన్ వీసా ఫైల్ అయ్యేదాకా కాస్త నోరు కంట్రోల్ చేసుకోవే తల్లీ, నిజమే, ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది, వ్యాన్ వెళ్లిపోతుంది, గోడ మీద దొంగబొమ్మ దర్జాగా ఉంటుంది, ఆ చీమంత పేరువాడు ఏ బేస్‌మెంట్‌కో పోతాడు, మార్గరెట్ ఎడమచేతి ప్రింటు అందుకోబోతోంది, దేదీప్య చెయ్యి చటాలున వెళ్లి పెట్టె మూత మీద పడింది, మార్గరెట్, నేను చెప్పింది తప్పు, అసలుది ఇదే, మార్గరెట్ నవ్వు చప్పున ఆగిపోయింది, ఇక వీసా ఏమవుతుందో, భయంగా ఉంది, చాలా భయంగా, అయినా చెయ్యి మూత మీదే ఉంది, చూస్తే అది ఎడమచెయ్యి, దించమని ఎవరూ అనడం లేదు, ఈ దేశంలో ఎప్పుడూ ఎవరూ అనలేదు, ఇన్నేళ్లుగా దించుతున్నది తనే.