రాజుగారి కారు తాగిన పెట్రోలు

ఆక్సిజన్ గురించి వెంకటరాజుగారికి పాఠం చెప్పగల మొనగాడు భీమవరం చుట్టుపక్కల లేడు. ఈ మాట నాది కాదు, ఆయనదే. తెల్లారకముందే చెరువు గట్టు మీద నిలబడి నీళ్ళ వైపు ఓసారి చూస్తే చాలట, రొయ్యకి ఊపిరి అందుతోందో లేదో చెప్పేస్తారట. చేతిలో మీటరు పట్టుకునే చెప్తారు లెండి. ఆ ముక్క మాత్రం ఎవరికీ చెప్పరు.

నేను త్రిమూర్తులుని. ఉండి రోడ్డులో కార్ల షెడ్డు నాది. రాజుగారి కారు, మూడు వ్యాన్లు, రెండు మేత లారీలు అన్నీ నా దగ్గరికే వస్తాయి. ఆయన తెలివి ఏపాటిదో నాకు తెలిసినంతగా వాళ్ళావిడకి కూడా తెలియదు.

రెండువేల అయిదు వేసవిలో ఆయన పెట్రోలు కారు లీటరుకి పదిహేను కిలోమీటర్లు ఇచ్చేది కాస్తా తొమ్మిదికి దిగింది. డ్యాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మతో పసుప్పచ్చ దీపం ఒకటి వెలిగి, ఆరనంది. ఇంజనులో ఏదో తేడా ఉంది, చూపించుకోండి అని చెప్పడానికే ఆ దీపం పెట్టారు. రాజుగారికి అది చిరాకు తెప్పించింది. దాని మీద మావుళ్ళమ్మవారి స్టిక్కరు అంటించారు. దీపం కనబడటం మానేసింది కనక జబ్బు కూడా నయమైపోయిందని ఆయన లెక్క.

పెట్రోలు మాత్రం అయిపోతూనే ఉంది. అప్పుడాయన బుర్ర తిన్నగా చెరువు దగ్గరికి పోయింది. అక్కడ మేత బస్తాలు ఖాళీ అవుతూ రొయ్య ఎదగకపోతే ఒకటే అర్థం, కాపలావాడు మేత అమ్ముకుంటున్నాడని. కాబట్టి పెట్రోలు ఖాళీ అవుతూ కారు నడవకపోతే డ్రైవరు అమ్ముకుంటున్నాడు. రొయ్యకి జబ్బు చేస్తే నలుగురు డాక్టర్లని పిలిచే మనిషికి, కారుకి కూడా ఒంట్లో బాగుండకపోవచ్చన్న ఆలోచనే రాలేదు.

డ్రైవరు పేరు లాజరు. అంబాసిడరు రోజుల నుంచి, పదకొండేళ్ళుగా ఆయన దగ్గరే చేస్తున్నాడు. "రాజుగారండీ, పొగ నల్లగా వస్తందండి. పెట్రోలు వాసన కొడతందండి. ఓసారి మేస్త్రిగారికి చూపిద్దామండి" అని రెండు నెలలుగా మొత్తుకుంటున్నాడు. అందులో రాజుగారికి వినబడింది వాసన ఒక్కటే. ఒకరోజు లాజరు కాలరు దగ్గర ముక్కుపెట్టి చూశారు. పెట్రోలు వాసన వేసింది. వెయ్యదా మరి, రోజంతా ఆ బండి ముందూ వెనకా తిరిగేవాడికి? ఆయనకి అదే సాక్ష్యమైపోయింది.

ట్యాంకు మూతకి తాళం వేయించి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారు. వారం తిరిగినా మైలేజీ తొమ్మిదే. తాళంచెవి తన నడుముకే ఉన్నా పెట్రోలు పోతోందంటే లాజరు తీయడం లేదనే కదా. మూడో తరగతి పిల్లకి కూడా తెలిసే విషయం. రాజుగారికి మాత్రం, లాజరు తను అనుకున్నదానికంటే ఆరితేరిన దొంగ అని తెలిసింది. మేత గోడౌను ముందు పనివాళ్ళందరూ చూస్తుండగా చొక్కా పట్టుకుని గేటు బయటికి నెట్టారు. యాభై దగ్గరపడుతున్న మనిషిని. నాకు ఆ కబురు తెలిసినప్పుడు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ఆయనే కారు తోలుకుని నా దగ్గరికి వచ్చారు.

"ఏవయ్యా త్రిమూర్తులూ, ఆడు ట్యాంకుకి ఎక్కడో గొట్టం పెట్టుంటాడు. అదెక్కడో కనిపెట్టు."

గొట్టం లేదు. ప్లగ్గులు ఊడదీస్తే మసి. పొగగొట్టంలో వేలు పెడితే మసి. పొగగొట్టానికి బిగించి ఉండే ఆక్సిజన్ సెన్సారుకి మీటరు పెట్టి ఇంజను నడిపించాను. అది బాగుంటే రీడింగు పైకీ కిందకీ ఆడుతూ ఉండాలి. ఇక్కడ అంత నల్లటి పొగ వస్తున్నా కిందే పడుకుని ఉంది.

"దొంగ దొరికాడండి" అన్నాను. "ఇదిగో, ఈ సెన్సారండి. కాలిన పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ఇది కంప్యూటరుకి చెప్పాలండి. దాన్నిబట్టి ఎంత పెట్రోలు పొయ్యాలో అది చూసుకుంటుందండి. ఇది చచ్చిపోయి, పెట్రోలు చాలటం లేదు, చాలటం లేదు అని ఒకటే అబద్ధం చెప్తందండి. అది నమ్మి ఇంజను పోసుకుంటానే ఉందండి."

రాజుగారు పగలబడి నవ్వారు. "పొగగొట్టంలో ఆక్సిజనేంటయ్యా? నాకే చెప్తన్నావా ఆక్సిజన్ గురించి?"

"మీకే చెప్తన్నానండి. నిరుడు మీ చెరువు మీటరుకి నీళ్ళలో ముంచే ముల్లుకి పాచి పట్టి ఆక్సిజన్ రెండే ఉందని చూపిస్తే ఏం చేశారండి? నాలుగు రోజులు రాత్రీ పగలూ నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పించారు. డీజిల్ డ్రమ్ములకి డ్రమ్ములు తగలబెట్టారు. తీరా చూస్తే చెరువులో అయిదున్నర ఉంది. ఆ డీజిల్ ఏ డ్రైవరు తాగాడండి?"

నవ్వు ఆగిపోయింది. ఆయన సెన్సారు వైపు చూశారు, నా వైపు చూశారు, మసి పట్టిన నా వేలు వైపు చూశారు. అర్థమైంది. ఆ మొహంలో అర్థమవడం నేను స్వయంగా చూశాను కనక ఈ మాట ఒట్టేసి చెప్పగలను.

"మార్చెయ్" అన్నారు.

కొత్త సెన్సారు విజయవాడ నుంచి బస్సు పార్సిల్లో రావడానికి నాలుగు రోజులు పట్టింది. బిగిస్తూ ఆయనకి ఒకటే చెప్పాను. "ఇప్పుడు మళ్ళీ లాజరుచేతే తోలించండి రాజుగారండీ. మైలేజీ వచ్చిందంటే అతని మీద మచ్చ పోద్దండి. వేరేవాళ్ళు తోలితే డ్రైవరు మారాడు కాబట్టి వచ్చిందంటారండి."

"అలాగేలే" అన్నారు.

మర్నాడు ట్యాంకు నింపించుకుని చవక మందు సీసాల కోసం యానాం బయల్దేరారు. వారానికోసారి ఆయనకి అదో తీర్థయాత్ర. స్టీరింగు దగ్గర కూర్చున్నది వాళ్ళావిడ వైపు బంధువు హరిబాబు. తిరిగొచ్చి మళ్ళీ ట్యాంకు నింపి చూస్తే లీటరుకి పదిహేను తేలింది. నా షెడ్డు ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర కారు ఆపించి, అక్కడున్న చెరువుల రైతులందరికీ వినబడేలా మొదలెట్టారు.

"చూశారా? ఆ లాజరుగాడు పోయాడు, మైలేజీ వచ్చింది. పదకొండేళ్ళు నా పెట్రోలు తాగాడండి ఆడు. మీరెవరూ పెట్టుకోకండి."

నేను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ దగ్గరికెళ్ళి, చిన్నగా "సెన్సారండి" అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యేసి పక్కకి నడిపించారు. "నాకు తెలవదేంటయ్యా? నలుగురిలో దొంగన్నాను. ఇప్పుడు కాదు, పొగగొట్టంలో ఆ సెన్సారు మేకుదే తప్పు అన్నాననుకో, రేపట్నుంచి చెరువు మీద కాపలావాళ్ళు నా మాట లెక్కచేస్తారా? అన్నట్టు, వ్యాన్లు మూడూ రేపు సర్వీసుకి పంపిస్తాను, చూడు."

తప్పు చేసి తెలుసుకోలేని మూర్ఖుణ్ణి క్షమించొచ్చు. తెలుసుకుని కూడా ఇంకొకడి నెత్తిన ఉంచేసే పెద్దమనిషిని ఏమనాలో నాకు తెలియదు. టీకొట్టు బల్ల మీద ఆరుగురు కూర్చుని ఉన్నారు. అక్కడికి వెళ్ళి నాలుగు మాటలు చెప్తే సరిపోయేది. షెడ్డులోకి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున్న లాజరు వచ్చాడు. గడ్డం మాసింది. నాలుగు ఇళ్ళకి వెళ్ళాడట. డ్రైవరు కావాలన్నవాళ్ళే, పేరు చెప్పగానే అక్కర్లేదన్నారట. వాళ్ళావిడ దీనమ్మ కూడా ఓ రాత్రి, నిజం చెప్పు, ఎప్పుడైనా తీశావా అని అడిగిందట.

"ఏం తేలిందండీ మేస్త్రిగారూ?"

"సెన్సారే లాజరూ. నీ తప్పు ఆవగింజంత కూడా లేదు."

అతని మొహం వెలిగింది. "రాజుగారికి చెప్పారాండి?"

"చెప్పాను. ఆయనకీ తెలుసు."

"మరింకేంటండి! ఆయన అనకపోతే పోనీండి. ఆ టీకొట్టు దగ్గర మీరు ఒక్క మాట అనండి చాలు. మీ మాటంటే అందరికీ గురండి."

అప్పటికే రాజుగారి వ్యాన్లు మూడూ షెడ్డులో వరసగా నిలబడి ఉన్నాయి. లాజరు వాటికేసి చూడటం నేను చూశాను. "చూద్దాంలే, సమయం రావాలి కదా" అన్నాను.

లాజరు వ్యాన్ల మీంచి నా వైపు తిరిగాడు. రాజుగారి వీపు వైపు నేను ఇన్నేళ్ళుగా ఏ చూపు చూస్తున్నానో, సరిగ్గా అదే చూపు నా మొహం మీద పెట్టాడు.

"ఆయనకీ తెలుసు, మీకూ తెలుసు. ఇంక తెలవందెవరికండీ?" అని, జవాబు కోసం ఆగకుండా రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు.

నేను రాజుగారి వ్యాను కింద దూరి, బిగించేసిన బోల్టునే మళ్ళీ బిగించాను.