టీ తాగీసి ఎల్లు

నర్సీపట్నం కాంప్లెక్సులో యలమంచిలి బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన సువర్ణమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. భర్త పోయాక ఆమె ఊరు దాటడం అదే మొదలు. వెనక సీటులో ఎవరిదో సెల్‌ఫోను మోగింది. పాట కాదు, ఒక ఆడమనిషి ఏడుపు.

"ఓ దీనా నాన్నో! పాలు ఇరిగిపోనాయని కసిరీసేను గదయ్యా! లెగయ్యా, పాలు తెచ్చేను. టీ తాగీసి ఎల్లు! రెండు గుక్కలు తాగీసి ఎల్లయ్యా!"

బస్సంతా గొల్లుమంది. కండక్టరు కూడా దిగిపోతున్న ముసలాయన భుజం తట్టి, "టీ తాగీసి ఎల్లు తాతా!" అన్నాడు. నవ్వు రెట్టింపయింది.

సువర్ణమ్మ నవ్వలేదు. ఆ గొంతు ఆమెదే.

ఇది రెండువేల తొమ్మిదిలో సంగతి. ఆ మాట అప్పటికి ఊరంతా పాకిపోయింది. క్రికెట్‌లో ఎవడైనా అవుటైతే గ్రౌండంతా ఆ మాటే అరిచేది. పరీక్ష తప్పిన పిల్లను ఆ మాటతోనే ఏడిపించేవారు. ఒక టీ కొట్టువాడు దాన్ని ఎర్రరంగుతో బోర్డు మీద రాయించుకున్నాడు. నవ్విన వాళ్లెవరూ దుర్మార్గులు కారు. ఇంటికెళ్లి తల్లికి మాత్రలు వేసేవాళ్లే, పిల్లలకి జడలు వేసేవాళ్లే. ఆ ఏడుపు వెనక ఒక శవం ఉందన్న ధ్యాస మాత్రం ఒక్కరికీ లేకపోయింది.

ఆ శవం వడ్రంగి సాల్మన్‌రాజుది. ఆ ఉదయం అతను అల్లం టీ అడిగాడు. పాలు విరిగిపోయిన విసుగులో సువర్ణమ్మ కసిరింది. "పోనీలే, దారిలో తాగుతాన్లే" అని సైకిలెక్కాడు. గుండె ఆగిపోయి, ఆటోలో శవమై తిరిగి వచ్చాడు.

వాళ్ల చర్చిలో శోకాలు పెట్టి ఏడవడం పెద్దలకు నచ్చదు. ఎవరైనా రాగం అందుకుంటే సంఘపెద్ద కీర్తన ఎత్తుకుంటాడు, ఏడుపు అందులో మునిగిపోతుంది. ఆ రోజు మాత్రం సంఘపెద్ద జ్ఞానానందం గారు కీర్తనల పుస్తకం మూసి, ఆమెను ఏడవనిచ్చారు. బెంగుళూరులో నర్సుగా ఉన్న కూతురు దీనాకి రైలు అందలేదు. తండ్రి కడచూపు చెల్లెలికి దక్కాలని కొడుకు షాలేమ్‌రాజు శవపెట్టె పక్కన నిలబడి ఫోనులో వీడియో తీశాడు. ఆ వీడియో తీసిన చేతిలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు.

దాన్ని మెయిల్లో పంపించడం తెలియక మన్మథరావు సెల్ షాపుకి తీసుకెళ్లాడు. మన్మథరావు పంపించాడు. పంపిస్తూ తనకో కాపీ ఉంచుకున్నాడు. కూరలమ్మే మనిషి కొసరుగా నాలుగు పచ్చిమిరపకాయలు వేసినట్టు, పాటలు ఎక్కించుకోవడానికి వచ్చిన ప్రతి మెమరీ కార్డులోనూ ఆ ఏడుపు కొసరు వేశాడు. ఎవడో దానికి డప్పు కలిపాడు. ఇంకెవడో ఇంటర్నెట్లో పెట్టాడు.

సువర్ణమ్మ యలమంచిలి వెళ్లలేదు. బస్సు దిగి ఇంటికెళ్లి, వీడియో ఎవరి చేతికిచ్చాడో కొడుకుని అడిగి, అతన్ని వెంటబెట్టుకుని నేరుగా ఆ షాపుకి వెళ్లింది.

"నాదేటుంది పిన్నిగారూ? జనం అడుగుతున్నారు, ఎక్కిస్తన్నాను," అన్నాడు మన్మథరావు. "మీరు ఫేమస్ అయిపోయేరు. సంతోషించాలి గానీ!"

"నా మొగుడి శవం కాడ ఏడిస్తే ఫేమస్సేటి బాబూ? తీసీ బేగి."

"అలాగే, ఇదిగో డిలీట్ కొట్టీసేను. సూడండి, ఇంకేటి లేదు."

అతని మాట పూర్తికాకుండానే కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషి జేబులోంచి ఆమె గొంతే మోగింది. "టీ తాగీసి ఎల్లు!" ఆ మనిషి తడుముకుంటూ ఫోను నొక్కేశాడు. మన్మథరావు నవ్వు ఆపుకోవడానికి బల్ల కిందకి వంగాడు.

ఆ సాయంత్రం దీనా ఫోను చేసింది. "అమ్మా, మా హాస్టల్లో పిల్లలు నవ్వుకుంటూ నాకే సూపించేరే," అంది. "ఆ డప్పుల మోతలో, నాన్న మొకం కనబడ్డాక గానీ అది అన్నయ్య పంపిన వీడియోయేనని, నీ గొంతని తెలీలేదు నాకు."

చెల్లి మాటలు పక్కనుండి విన్న షాలేమ్‌రాజు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు జ్ఞానానందం గారు వచ్చి, "ఆ రోజు నేను కీర్తన ఎత్తుకోవలసిందమ్మా," అన్నారు.

సువర్ణమ్మకి ఒళ్లు మండింది. "అయితే నా ఏడుపేనా అయ్యగారూ తప్పు? ఆళ్ల నవ్వు కాదా?"



తరువాత ఆ వీధిలో ఎవరూ చూడని మార్పొకటి వచ్చింది. ఆడవాళ్లు ఏడవడం మానేశారు. ఆసుపత్రి మెట్ల మీదా, కూతుర్ని అత్తారింటికి బస్సెక్కించినప్పుడూ, కన్నీళ్లు రాకముందే చుట్టూ ఎవరి చేతిలో ఫోనుందో చూసుకునేవారు. పొరుగింటి నూకరత్నం అనేసింది కూడా: "నీ గతి నాకొద్దు అప్పా. నాకా రోజొస్తే నోట్లో గుడ్డ కుక్కుకుంతాను."

ఆ రోజు రానే వచ్చింది. ఆమె భర్త జోగులు జీడితోటలో పాము కరిచి పోయాడు.

సువర్ణమ్మ వెళ్లేసరికి నూకరత్నం శవం పక్కన చీరకొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. కళ్లు గాజు గోళీల్లా ఉన్నాయి. గుటకపడ్డప్పుడల్లా ఒళ్లు అదురుతోంది, గొంతులోంచి మాత్రం చప్పుడు రావడం లేదు. ప్రహరీ మీద అప్పటికే రెండు ఫోన్లు పైకి లేచి ఉన్నాయి.

సువర్ణమ్మ అరుగు మీదున్న చేట తీసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఫోన్లు ఇందులో ఎట్టి లోపలికి రండి. ఎట్టనోల్లు ఎల్లిపోండి."

"నువ్వెవులివి సెప్పడానికి?" అన్నాడు గోడ మీది కుర్రాడు.

"తెల్దేట్రా? టీ తాగీసి ఎల్లు అన్నది నానే!"

సువర్ణమ్మ చేటని గోడ మీది కుర్రాడి వైపు చాచింది.

"నవ్వరేటి? నవ్వండి! నా మొగుడు ఆకరిసారి టీ అడిగితే నానివ్వలేదు. ఆ మాట ఆయనకి సెప్పుకున్నాను, మీకు కాదు. మీరు దాన్ని గంట సేసి జేబులో ఏసుకున్నారు. ఇపుడీ పిల్ల మొగుడు పోతే నోరిప్పడానికి బయపడతంది. మీ అమ్మ ఇలాగ కూకున్ననాడు ఏ గోడెక్కి తీస్తావురా?"

గోడ మీది చేతులు దిగాయి. పలకరించడానికి వచ్చిన జ్ఞానానందం గారు అందరికంటే ముందుకొచ్చి తన ఫోను చేటలో పెట్టారు. షాలేమ్‌రాజు పెట్టాడు. ఒకరి వెనక ఒకరు వచ్చారు, గోడ దిగిన కుర్రాడు చివర్న వచ్చాడు. సువర్ణమ్మ చేటని బయట అరుగు మీద పెట్టించి, లోపలికొచ్చి నూకరత్నం నోట్లోంచి కొంగు మెల్లగా లాగింది.

"ఏడవ్వే సెల్లీ. ఇక్కడ మనోల్లే ఉన్నారు."

నూకరత్నం ఏడ్చింది. జోగులుతో ఏమేమి చెప్పుకుందో ఇక్కడ రాయను. అవి అతనికి చెందిన మాటలు. కీర్తన ఎవరూ ఎత్తుకోలేదు.

నేటికీ ఆ వీధిలో ఎవరైనా పోతే ముందు గుమ్మంలో చేట పెడతారు. సువర్ణమ్మ ఏడుపు మాత్రం ఇంకా ఎవరెవరి జేబుల్లోనో మోగుతూనే ఉంది. చదువుతున్న మీ ఫోనులోనూ ఉందేమో చూసుకోండి. మనిషి ఏడుపు వినబడితే వెళ్లి పక్కన కూర్చోండి. అది చేతకాకపోతే తలదించుకుని తప్పుకోండి. అంతేగాని, దాన్ని జేబులో వేసుకుపోయే హక్కు మనలో ఏ ఒక్కరికీ లేదు.