తన గొంతే

నార్వే ఉత్తరాన ఒక కొండ మీద, ఫోను మాటలను రేడియో తరంగాలతో పంపే మైక్రోవేవ్ స్టేషన్‌లో సిగ్వార్ట్ పదకొండేళ్ళుగా ఒక్కడే పనిచేస్తున్నాడు. నలభై కిలోమీటర్ల అవతల ఇంకో కొండ మీది స్టేషన్‌లో అస్లౌగ్ పనిచేసేది. రోజూ పొద్దున, రెండు స్టేషన్లనూ కలిపే సర్వీసు ఫోనులో ఇద్దరూ మాట్లాడుకునేవారు గానీ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. పోయిన వారం ఆమె రిటైరైంది. ఇక ఆ స్టేషన్ మనిషి లేకుండానే నడుస్తుంది.

ఆ రోజు సిగ్వార్ట్ కొత్త మాడ్యులేటర్ బిగించాడు. అది మాటను తరంగం మీదికి ఎక్కిస్తుంది. అవతలి కొండ మీద డీమాడ్యులేటర్ ఆ మాటను దించుతుంది. పరీక్ష కోసం, అక్కడ దిగిన మాట మళ్ళీ ఇటే వచ్చేలా ఆఫీసువాళ్ళు వైర్లు కలిపి వెళ్ళారు.

అతను సర్వీసు ఫోనెత్తి అలవాటుకొద్దీ, "అస్లౌగ్, ఏం చేస్తున్నావ్? కాఫీ అయిందా?" అన్నాడు.

అంటూండగానే తన గొంతే చెవిలో పడింది. పాత గరగర లేదు, ప్రతి మాటా స్పష్టంగా ఉంది. అతను ఆగితే అదీ ఆగింది. తన గొంతులో అంత ఆశ ఉంటుందని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.

స్టేషన్ పుస్తకంలో "బాగుంది" అని రాసి, మామూలు ఫోనులో అస్లౌగ్ ఇంటికి చేశాడు.

"ఎవరండీ?"

"నేనే, సిగ్వార్ట్‌ని."

"అరె, నువ్వా! గొంతు గుర్తుపట్టనే లేదు. ఏంటి సంగతి?"

"ఏం లేదు. మెషీన్ బాగా పనిచేస్తోంది, చెబుదామని."

"మంచిది."

అటువైపు గిన్నె మూత చప్పుడైంది.

"పొయ్యి మీద చేపలున్నాయ్, ఉంటా మరి," అంది ఆమె.

ఆమె పెట్టేశాక కూడా అతను చాలాసేపు ఫోను చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.