ఒక్కరు చాలన్నారు

నేను ఒక మీటల ఫోనును. నాతోబాటు ఒకే అచ్చులో పోసినవి లక్షల్లో ఉంటాయి. వాటిలో ఏ రెండూ ఒకేలా బతికి ఉండవు. నా బతుకు మాత్రం విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గడిచింది. ఏ వార్డులో కంప్యూటరు మొరాయించినా మోగేది నేనే.

కంప్యూటర్ల విభాగంలో ముగ్గురుండేవారు. పెద్దాయన జోగినాయుడు గారు. వైర్ల సంగతి చూసేవాడు ఖాదర్ వలీ. అందరికన్నా చిన్నది మేరీ సుహాసిని, కాకినాడ అమ్మాయి. వంతుల ప్రకారం ముగ్గురి దగ్గరా ఉండేదాన్ని. ఖాదర్ జేబులో ఎప్పుడూ సోంపు వాసన. సుహాసిని నన్ను చిన్న గుడ్డసంచిలో వేసి మెడకు తగిలించుకునేది. నేను మోగితే అందరూ విసుక్కునేవారు. కొన్నాళ్ళు మోగకపోతే ఈ ముగ్గురూ ఏం చేస్తున్నారని అడిగేవారు.

ఒక వేసవిలో యాజమాన్యం హైదరాబాదు నుంచి నిశాంత్ అనే సలహాదారుణ్ణి పిలిపించింది. ఏ సంస్థ కంప్యూటర్ల మీద ఎంత ఖర్చుపెడుతోందో, ఎందరిని పెట్టుకుందో సేకరించి పక్కపక్కన పెట్టి చూపడం అతని వృత్తి. ఆసుపత్రులు, బట్టల దుకాణాలు, సిమెంటు కంపెనీలు అన్నీ ఒకే తెర మీద బారులు తీరాయి. మా ఆసుపత్రి గీత మిగతావాటికన్నా పొడుగ్గా ఉంది. ఇంత ఆసుపత్రికి ఒక్కరు చాలని అతను మర్యాదగానే చెప్పాడు.

జోగినాయుడు గారు నన్ను బల్ల మీద బోర్లా పెట్టి, "ఆ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు మనుషులుంటారండి. ఆళ్ళని ఈ లెక్కలో ఎయ్యలేదు," అన్నారు.

నిశాంత్ కాదనలేదు. వాళ్ళు ఇచ్చిన వివరాలే తాను చూపగలనన్నాడు. డైరెక్టరు వరాహమూర్తి గారి చూపు మాత్రం ఆ పొడుగు గీత మీంచి కదల్లేదు.

ముందు ఖాదర్ వెళ్ళాడు. వెళ్ళే రోజున సుహాసినిని అంతస్తు అంతస్తుకూ తిప్పి ఏ వైరు ఎటు పోతుందో చూపించాడు. దసరా తరవాత జోగినాయుడు గారి వంతు వచ్చింది. జీతం తక్కువ గనక సుహాసిని మిగిలింది. మొదట్లో ఏదైనా తెలియకపోతే నాలోంచే ఆయనకు ఫోను చేసేది. పోనుపోను, తీసేసిన మనిషిని ఇంకా పని అడగడం ఆమెకే సిగ్గనిపించి మానేసింది.

ఆ తరవాత నేను ఆమె మెడ దిగిందే లేదు. అన్నం తింటుంటే మోగేదాన్ని. చర్చిలో మోగేదాన్ని. నా చప్పుడుకు ఆమె భుజాలు బిగుసుకోవడం నాకు తెలిసేది.

ఒక మధ్యాహ్నం పై అంతస్తు ఐసీయూలో కంప్యూటరు తెరలన్నీ ఒక్కసారి నల్లబడ్డాయి. సుహాసిని నిచ్చెనెక్కి సీలింగులో తెగిన వైరు వెతుకుతోంది. అప్పుడు నేను మోగాను. కింద రక్తనిధిలో కంప్యూటరు ఆగిపోయింది. కాన్పయ్యాక రక్తస్రావం ఆగని ఒకామెకు రక్తం కావాలి, కంప్యూటర్లో నమోదు చెయ్యనిదే రక్తం సంచీ బయటికి ఇవ్వరు. వస్తున్నానని సుహాసిని చెప్పింది. నర్సు నిచ్చెన పట్టుకుని, మమ్మల్నిలా వదిలేసి వెళ్ళొద్దంది. నేను మళ్ళీ మోగాను. మళ్ళీ మోగాను. సుహాసిని రెండు చేతులూ సీలింగులోనే ఉన్నాయి. చివరికి కింద ఎవరో డాక్టరు అరిచి, కాగితం మీద రాసి రక్తం ఇప్పించాడు. అప్పటికే ఆలస్యమైంది.

చనిపోయినామె పేరు పైడితల్లి. పార్వతీపురం దగ్గరి ఊరు. బిడ్డ బతికింది.

విచారణలో నన్ను బల్ల మీద పెట్టి, తీయని కాల్సన్నీ చూపించారు. ఫోనెందుకు తీయలేదని వరాహమూర్తి గారు అడిగారు. సుహాసిని చెప్పింది. ఆమె చెప్పినదాంట్లో తీయలేదన్న ముక్కే రాసుకున్నారు. పనిలో నిర్లక్ష్యమని హెచ్చరించి, వేరే మనిషి దొరికేదాకా చెయ్యమన్నారు.

బయట వరండాలో పైడితల్లి భర్త కూర్చుని ఉన్నాడు. సుహాసిని అతని ఎదుట నిలబడిపోయింది. అతను తిట్టలేదు. చాలాసేపు ఆమె మెడలో ఉన్న నన్నే చూశాడు.

"ఇంతాసుపత్రికీ నువ్వొక్కర్తివేనేటమ్మా?" అన్నాడు.

ఆమె తలూపింది. 

ఆ నెలాఖరులో నేను మోగాను. కొత్త నంబరు. రాజమండ్రిలో ఒక ఆసుపత్రి కంప్యూటర్ల ఇన్‌చార్జినని అవతలి మనిషి పరిచయం చేసుకున్నాడు. తమ యాజమాన్యానికి ఎవరో సలహాదారు ఒక పట్టిక చూపించాడట. తక్కువమందితో నడిచేవాటిలో మా ఆసుపత్రి అందరికన్నా పైన ఉందట. తన కింద నలుగురున్నారనీ, ముగ్గుర్ని తీసెయ్యమంటున్నారనీ చెప్పాడు.

"మీరు ఒక్కరితోనే నడిపిస్తున్నారంట గదండీ. ఎలా చేస్తున్నారో కాస్త చెబుతారా?"

సుహాసిని గోడకు ఆనుకుంది. 

"చెయ్యట్లేదండి," అంది.

తరవాత పైడితల్లి సంగతి మొదటి నుంచీ చెప్పింది.  చివర్న అతను, ఇదంతా కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తారా, మావాళ్ళకి చూపిస్తాను అన్నాడు. రాసిస్తానంది.

రాసిందో లేదో నాకు తెలియదు. ఆ మర్నాడే కొత్త మనిషి వచ్చాడు, తన సొంత ఫోనుతో. సుహాసిని నా నోరు నొక్కి సొరుగులో పెట్టింది. తాళం పడ్డ చప్పుడు విన్నాను. రాజమండ్రిలో ఇప్పుడు ఎందరున్నారో.